మూడో డివిజన్ సూన్‌హీలు

మలయాలో తెలుక్ ఆన్సన్ నుంచి హుటాన్ మెలింటాంగ్ వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి, మట్టిదారిలో నాలుగు మైళ్ళు నడిస్తే ఒక రబ్బరు తోట వచ్చేది. ఆ తోట మూడో డివిజన్‌లో కూలీలకి వరసగా కట్టిన లైను ఇళ్ళన్నీ తెలుగువాళ్ళవే. అక్కడ ఆడపిల్ల పుడితే పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకునేవారు కాదు. అమ్మమ్మ పేరో నాయనమ్మ పేరో పెట్టేవారు. ఆ రెండూ అప్పటికే అక్కలకి ఖర్చయిపోయి ఉంటే లెచ్చుమి అనేసేవారు. గుమ్మంలో నిలబడి "ఒలే లెచ్చుమీ" అని ఒక్క కేక వేస్తే పదిమంది పలికే ఆ చోట, పాపాయి కూతురి పేరు మాత్రం సూన్‌హీ.

అది కొరియా దేశపు పేరు. తెచ్చినవాడు పాపాయి మొగుడు పెద్దయ్య. జపాన్ వాళ్ళ ఏలుబడిలో సయాం అడవుల్లో రైలుకట్ట వెయ్యడానికి ఆ తోట నుంచి నలభై ఇద్దరిని లారీల్లో ఎక్కించుకుపోతే, యుద్ధం ముగిశాక తొమ్మిదిమంది తిరిగొచ్చారు. పెద్దయ్య తొమ్మిదోవాడు. నడుముకి గోనెసంచి, కాలికి మానని పుండు, నోట్లో ఈ పేరు. అంతకుమించి ఆయన అక్కణ్ణించి ఏమీ తేలేదు.

ఆ మరుసటి ఏడు కూతురు పుట్టింది. ఇరవై ఒకటో నాడు బారసాల. పళ్ళెంలో బియ్యం పోశారు. బియ్యం కళ్ళబడడమే గొప్పగా ఉన్న రోజులవి, పళ్ళెం అడుగు కనిపిస్తూనే ఉంది. పెద్దయ్యకి ఓనమాలు రావు, తోట పుస్తకంలో వేలిముద్ర. అలాంటివాడు ఉంగరం పట్టుకుని బియ్యంలో చకచకా రెండు అక్షరాలు గీసేశాడు. సున్నాలూ గీతలూ తప్ప అందులో ఎవరికీ ఏమీ కనబడలేదు.

"సూన్‌హీ" అని చదివాడాయన.

పాపాయికి ఒళ్ళు మండింది. ఆ పేరు ఎవరిదో ఆమెకి ముందే తెలుసు. రైలుకట్ట దగ్గర కూలీలకి జపాన్ వాళ్ళు కాపలా పెట్టిన ఒక కొరియా కుర్రవాడి చెల్లెలి పేరు.

"కొట్టినోడి సెల్లి పేరా నా పిల్లకి? మాయమ్మ పేరు సేదైపోనాదా?"

"కొట్టినాడు, లేదన్ను. జొరమొచ్చి నాను పడిపోతే మందుబిళ్ళ నోట్లో ఏసింది గూడా ఆడే" అన్నాడు పెద్దయ్య. "ఆలింట్లో అందరి పేర్లూ జపానోడు మార్చేసినాడంట. కాయితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి. సెల్లిని కాయితం పేరెట్టి పిలిస్తే పలకదంట. నానిక్కడే సచ్చిపోతే దాన్ని ఇంటి పేరెట్టి పిలిసీవోడెవుడని ఏడిసినాడు. తుపాకి పట్టుకున్నోడు అలాగ ఏడిస్తే నానేటి సేసీది? నాకు కూతురు పుడితే నాను పిలుత్తాన్లే అన్నాను."

"దానికి అర్తమేటైనా ఉందా?"

"సూన్ అంటే మెత్తన. హీ అంటే సంతోసం. మెత్తగా ఉండి ఇంటికి సంతోసం తెచ్చీ పిల్ల."

ఆ మెత్తని పిల్ల ఏడుపు మొదలెడితే రెండో డివిజన్ దాకా వినిపించేది. పళ్ళొచ్చిన వారానికే, బుగ్గ పుణకడానికి వేలు చాపిన కూలీల మేస్త్రీ, కంగాణీ తాతబాబుని రక్తం వచ్చేలా కొరికింది. నడక రాగానే ఇంటివెనక కోళ్ళు ఆమెని చూసి దారి మార్చుకోవడం నేర్చుకున్నాయి. పెద్దయ్య మాత్రం చెట్లు గీసి, రబ్బరు పాల బకెట్లు అప్పజెప్పి, మట్టిదారి మలుపు తిరుగుతూనే "సూనీ" అని సాగదీసి పిలిచేవాడు. పిల్ల చేతిలో ఉన్నదేదో విసిరి పారేసి పరుగెత్తేది.

పిల్లకి మూడేళ్ళు నిండే వేళకి సయాం అడవి జ్వరం తిరగబెట్టి పెద్దయ్య పోయాడు. ఫొటో లేదు. ఆయన చొక్కాలు రెండుంటే ఒకటి ఆయనతోనే పంపించారు, రెండోది చిరిగి మసిగుడ్డయింది. ఇక ఇంట్లో ఆయనది మిగిలింది ఆ పేరొక్కటే. విచిత్రమేమంటే, పాపాయికి ఆ పేరు నోట రాలేదు. పిలుద్దామని నోరు తెరిస్తే అది గొంతులోనే కూర్చుండిపోయేది. "పాపా" అనేది, "ఒలే" అనేది, "ఓ గుంటా" అనేది. పేరు పెట్టి పిలిచే పని ఇరుగుపొరుగుకి వదిలేసింది.

అంతలో కొరియాలో యుద్ధం వచ్చింది. ఆ దేశం ఏ దిక్కున ఉందో మూడో డివిజన్‌లో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా రబ్బరు ధర లేచిందని. తోట ఆఫీసులో పేర్లూ హాజరూ రాసే కెరాణి సూరిబాబు దగ్గర రేడియో ఉండేది కనుక, ప్రపంచం సంగతి ఆయన చెప్పినంత వరకే ఉండేది. తెల్లారి పనికి పేర్లు పిలిచే చోట బల్లమీద కాలు పెట్టి, "అక్కడ గుండు పేలితే ఇక్కడ రబ్బరు పైకి లేస్తుంది, తెలుసా?" అని వివరించేవాడు. దొర బంగళాకి కొత్త వరండా వచ్చింది. కూలీలకి కూలి కొంచెం పెరిగింది. ఆ కొంచెం అంతకుముందు ఎవరూ ఎరగనిది. అందుకని అందరూ ఆకాశంకేసి చూసి దణ్ణం పెట్టి, దీనికి కారణమైన దేవుడెవరా అని వెతకడం మొదలెట్టారు.

దేవుణ్ణి కనిపెట్టినవాడు కూడా సూరిబాబే.

"మన లైన్లో కొరియా పేరున్న పిల్ల ఒకత్తి ఉంది కదా! ఆ పిల్ల వల్లే!" అన్నాడు.

ఆ పిల్ల పుట్టిన నాలుగేళ్ళకి ధర లేచిందేమిటని అడిగినవాళ్ళు లేరు. కొరియా భాషలో సూన్‌హీ అంటే ధనలక్ష్మి అని సూరిబాబు ఏ పుస్తకమూ చూడకుండానే చెప్పాడు. కాదు, యుద్ధాల్లో గెలిపించే అమ్మవారని కంగాణీ తాతబాబు మచ్చపడ్డ వేలు ఎత్తి చూపించి మరీ చెప్పాడు. పాపాయి అవుననలేదు, కాదనలేదు. ఆమెని ఎవరూ అడగలేదు కూడా.

అడిగింది పక్కింటి బంగారమ్మ ఒక్కతే. ఆమెకి అప్పుడే ఆడపిల్ల పుట్టింది.

"ఒలే పాపాయీ, నీ కూతురి పేరు మా గుంటకీ ఎట్టుకుంతాన్లే."

"ఎట్టుకో అప్పా. పేరేటి నా సొత్తా?"

"అర్తమేటే దానికి?"

"మెత్తన, సంతోసం అని సెప్పినారు మాయింటాయన."

"మెత్తనెవులిక్కావాలే? ధర పెంచుద్దా, నేదా? అది సెప్పు!"

ఏడాది తిరక్కుండా లైన్లో బంగారమ్మ కూతురితో కలిపి మరో ఆరుగురు సూన్‌హీలు పుట్టుకొచ్చారు. ఒకామెకి కవలలు పుడితే ఇద్దరికీ అదే పేరు పెట్టింది. ఒకదానికే పెడితే రెండోదాని వంతు ధర పడిపోతుందేమోనని ఆమె భయం. గుర్తు కోసం పెద్ద సూన్‌హీ, బంగారమ్మ సూన్‌హీ, నల్ల సూన్‌హీ, పంపుకాడి సూన్‌హీ అనేవారు. ఆ పేరు మొగపిల్లాడికి పెట్టడానికి పనికొస్తుందా అని కూడా ఒకాయన వచ్చి అడిగి వెళ్ళాడు. లెచ్చుమి పేరు పెట్టేవాళ్ళు లేక పురిటిమంచాల దగ్గర వినిపించడమే మానేసింది.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు. పాపాయి మాత్రం ఆ ఏడాదంతా సాయంత్రం వంట కాస్త ఆలస్యంగా మొదలెట్టేది. పొద్దు వాలే వేళ లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ పేరే. పొరుగింటి గొంతయినా, విసుగ్గా పిలిచినా, తన్నులు తప్పవని పిలిచినా, పాపాయి గుమ్మంలో కూర్చుని వినేది.

తరవాత ముళ్ళకంచె వచ్చింది. అడవిలో దాగి పోరాడే చీనా కమ్యూనిస్టులకి మెతుకు అందకూడదని సర్కారు అన్ని తోటల లైన్లకీ చుట్టూ కంచె కట్టించి, గేటు దగ్గర పోలీసుని నిలబెట్టి, బియ్యం తలలు లెక్కపెట్టి ఇవ్వమంది. సూరిబాబు తలల జాబితా రాసి స్టేషనుకి పంపించాడు. అక్కడ దాన్ని చదివిన తెల్ల ఆఫీసరు తెలివైనవాడు. తెలుగు కూలీల లైన్లో సూన్‌హీ అనే చీనా ఆడమనిషి ఒకే పేరుతో ఏడుసార్లు బియ్యం తీసుకుంటోందని ఇట్టే పట్టేశాడు. ఏడు పాళ్ళ బియ్యం ఒక ఆడది తినలేదు కనుక, వెనకాల అడవిలో దండు ఉండే ఉంటుంది.

మధ్యాహ్నం పాలు అప్పజెప్పి అందరూ ఇళ్ళకి చేరిన వేళ మూడు లారీలు వచ్చి లైను చుట్టూ నిలబడ్డాయి. ఆఫీసరు, ఆయన వెనక తుపాకులు, తుపాకుల వెనక తెలుగు చెప్పే దుబాసీ.

"సూన్‌హీ ఎక్కడ?"

బంగారమ్మ ముందుకొచ్చింది. "ఏ సూన్‌హీ బావూ? పెద్దదా, నల్లదా? కవలల్లో ఒకత్తా?"

దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు మొహం ఎర్రబడింది. దండులో కవలలు కూడా ఉన్నారన్నమాట. ఏడుగురినీ చేతులు పైకెత్తించి బయటికి తెమ్మన్నాడు.

తెచ్చారు. నలుగురు తల్లుల చంకల్లో ఉన్నారు. ఒకత్తి గోచీ కూడా లేకుండా తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఆఫీసరు బూటు పట్టుకుని నిలబడింది. ఇంకొకత్తి నిద్ర చెడిందని శోకాలు పెట్టింది. అందరికన్నా పెద్దది, అయిదేళ్ళు దాటిన పాపాయి కూతురు, చేతులెత్తమన్నారు కాబట్టి ఒక చేత్తో జామకాయ, ఒక చేత్తో కర్ర ఎత్తి ముందు నిలబడింది. తెల్లాయన ఒక్కొక్కరినీ చూశాడు, జాబితా చూశాడు, ఉయ్యాలల కింద కూడా వెతికించాడు. పోతూ పోతూ జాబితా రాసినవాణ్ణి లారీ ఎక్కించుకుపోయాడు.

సూరిబాబు రెండు రోజులు స్టేషను బల్లమీద కూర్చుని, గడ్డం పెరిగి తిరిగొచ్చాడు. అప్పటికి రబ్బరు ధర కూడా దిగజారుతోంది.

"ఆ పేరు మొదట్నించీ నాకు అనుమానమే" అన్నాడు. "అచ్చిరాని పేరు."

"నాను అప్పుడే అనుకున్నాను" అన్నాడు తాతబాబు, వేలు మడిచి దాచుకుంటూ.

ఆ వారంలోనే ఆరుగురూ లెచ్చుములైపోయారు, కవలలతో సహా. సూరిబాబు తోట పుస్తకంలో సూన్‌హీ అన్నచోటల్లా అడ్డంగా గీత కొట్టి లెచ్చుమి అని రాసుకుంటూ పోయాడు. ఏడోదాని తల్లి పాపాయిని అడగాలని ఆయనకి తట్టలేదు. ఆయన సిరా ఆయనిష్టం.

మెర్డెకా, అంటే మలయాకి స్వతంత్రం, వచ్చింది. ఆఫీసు ముందు కొత్త జెండా ఎగిరింది. "ఈ రోజు నుంచి మనం ఎవరికీ తలవంచనక్కర్లేదు" అని సూరిబాబు గొప్పగా మాట్లాడి, దొర పంచిపెట్టే బిస్కట్ల కోసం వరసలో మొదట నిలబడి వంగి అందుకున్నాడు. ముళ్ళకంచె ఎక్కడిదక్కడే ఉంది. గేటు దగ్గర కార్డు చూపించడమూ అలాగే ఉంది.

ఆ మరుసటి ఏడు పాపాయి కూతురికి పన్నెండు నిండాయి. పన్నెండేళ్ళ పిల్లకి సొంత కార్డు ఉండి తీరాలి. తోట వరకు ఎవరు ఎలా పిలుచుకున్నా, కార్డు మీద పడిన పేరే బతికినన్నాళ్ళూ పేరు. పాపాయి కెరాణి ఆఫీసుకి వెళ్ళింది.

సూరిబాబు పుస్తకం తీశాడు. "నీ కూతురు లెచ్చుమి కదూ?"

"కాదు బావూ. ఆ పేరు తమరికి తెలుసు."

"నా పుస్తకంలో లెచ్చుమి అనే ఉంది. పుట్టినప్పటి కాగితం తెచ్చావా?"

కాగితం చెదలు తినేసి నాలుగేళ్ళయింది. పాపాయి తల అడ్డంగా ఊపింది.

"మరింకేం? కాగితం లేకపోతే ఆఫీసులో ఎవరైనా నోటితో చెప్పాలి. నేనొచ్చి లెచ్చుమి అని చెబుతాను, పని అయిపోతుంది. నువ్వు నోరు మెదపకు. ఆ చీనా పేరు రాయించావంటే ప్రతి గేటు దగ్గరా పిల్లని ఆపుతారు. స్టేషను బల్ల ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెలుసు."

భయపెట్టడానికే అన్నా, అందులో అబద్ధమేమీ లేదు. పాపాయి ఇంటికొచ్చి బియ్యం ఏరుతూ కూర్చుంది. బంగారమ్మ కూడా అదే మాట. "పేరులో ఏటుందే? పిల్ల సల్లగుంటే సాలు. మా లెచ్చుమికి ఏటైనా అయిందా?"

చివరికి పాపాయి కూతురినే అడిగింది. "నీకే పేరు కావాలే?"

"సెలీనా" అంది పిల్ల టక్కున. బడిలో ఆ ఏడు అందరికీ కావలసిన పేరు అదే. సెలీనా అనే పిల్లకి మెరిసే బెల్టు ఉంది.

"సీ! సరింగా సెప్పు."

"అయ్య ఎట్టిందే ఉండనీ. నేకపోతే లెచ్చుమి అని రాయించు. నీకేటి?" పిల్ల చెప్పుల్లోంచి మట్టి దులుపుకుంటూ అంది. "ఏది రాయించినా నువ్వు నన్ను పేరెట్టి పిలిసేదుందా? ఎప్పుడైనా పిలిసినావా?"

ఆ పిల్ల మెత్తదనం అలాంటిది. పాపాయి ఏరిన బియ్యం, ఏరని బియ్యం కలిపేసి లేచిపోయింది.

కార్డులు రాసే రోజు తెలుక్ ఆన్సన్ ఆఫీసు నిండా జనమే. సూరిబాబు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. సాయానికని బంగారమ్మ, వాళ్ళతోపాటు లైను ఆడవాళ్ళు మరో నలుగురు. పెద్ద బల్ల వెనక మలాయ్ ఆఫీసరు, కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదస్తుడు, పక్కన తెలుగు తెలిసిన బంట్రోతు.

"నామా?" అని పిల్ల పేరు అడిగాడు ఆఫీసరు.

"లెచ్చుమి" అన్నాడు సూరిబాబు.

కలం కాగితం మీద ఆనింది. పాపాయికి ఆ కలం ముక్కు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"బుకాన్" అంది. కాదు అని.

ఆఫీసరు తలెత్తాడు. సూరిబాబు పళ్ళ సందుల్లోంచి, "నోరు మూసుకో పాపాయీ" అన్నాడు.

"కాదు తువాన్. లెచ్చుమి కాదు." తరవాత తొమ్మిదేళ్ళుగా గొంతులో కూర్చున్నది కదిలింది. ముక్కలు ముక్కలుగా వచ్చింది. "సూన్‌హీ."

పక్కనున్న కూతురు చటుక్కున తల్లి మొహంలోకి చూసింది.

ఆఫీసరు కలం కింద పెట్టేశాడు. "చీనా పిల్లా?"

"తెలుగు."

ఆయన పిల్లకేసి చూశాడు. చీనావాళ్ళు పెంచుకోలేక వదిలేసిన ఆడపిల్లల్ని తోటల్లో ఆడవాళ్ళు తెచ్చి పెంచుకోవడం ఆయన ఎరుగును. అలాంటి కార్డులు ఎన్నో రాశాడు.

"పెంపుడు పిల్లా? నిజం చెప్పమ్మా, నేనేమీ అనను."

"నన్నోపాలి సరింగా సూడండి ముందు!" అంది పిల్ల. పెద్దయ్య నలుపు, పెద్దయ్య చప్పిడి ముక్కు, పెద్దయ్య చాట చెవులు. బంట్రోతు నవ్వాపుకుని తర్జుమా చేశాడు.

"సరే. కాగితం లేదు. తోట గుమాస్తా ఒక పేరంటాడు, తల్లి ఒక పేరంటుంది. నేను తల్లి మాటే రాస్తాను, తల్లి అయితే. తండ్రి పేరు చెప్పు."

పాపాయి నోరు తెరిచి, మూసేసింది.

మొగుడి పేరు ఆడది నోటితో అనదు. ఆస్పత్రిలోనూ, గుడిలో పూజకీ కూడా పక్కనున్నవాళ్ళే చెబుతారు, ఆమె తలూపుతుంది. పిలవాల్సొస్తే "మాయింటాయన", "పాప అయ్య". అలా కాపరం చేసింది, అలాగే కర్మలూ చేయించింది. పాపాయి అలవాటుగా బంగారమ్మకేసి చూసింది. బంగారమ్మ చెప్పబోయింది కూడా. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు.

"ఈమే చెప్పాలి. పెళ్ళాం అయితే మొగుడి పేరు తెలీదా?"

సూరిబాబు మొహం విప్పారింది. "చూశారా తువాన్? చెప్పలేదు. లెచ్చుమి అని రాసెయ్యండి."

ఆఫీసరు నిట్టూర్చి మళ్ళీ కలం అందుకున్నాడు.

"పెద్దయ్య" అంది పాపాయి.

వెనక ఆడవాళ్ళు అయిదుగురూ ఒక్కసారే నోళ్ళు నొక్కుకున్నారు. "ఓలమ్మో, పేరెట్టీసినాదే!" అంది బంగారమ్మ, రెండు చెంపలూ వాయించుకుంటూ. సూరిబాబు కూడా గోడ మీది గడియారంకేసి చూశాడు, ఎక్కడో ఏదో కూలుతుందేమో అన్నట్టు. ఏమీ కూలలేదు.

"ఏమిటీ? వినబడలేదు" అన్నాడు ఆఫీసరు.

"పెద్దయ్య!" ఈసారి పాపాయి గొంతు వీధిలో రిక్షా తొక్కేవాళ్ళకి కూడా వినిపించింది. "పెద్దయ్య! సయాం రైలుకి ఎల్లొచ్చిన పెద్దయ్య. పెద్దయ్య కూతురు సూన్‌హీ. పెద్దయ్య ఎట్టిన పేరు. రాయండి బావూ!"

అంతటి మాటని ఆఫీసరు తన ఇష్టమొచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, దబ్బున ముద్ర కొట్టి, తరవాతివాళ్ళని రమ్మన్నాడు.

బస్సు కోసం నడుస్తుంటే సూరిబాబు ముందు నడిచాడు, ఈ పని జరగడానికి తాను రావడమే కారణమని ఎదురైనవాళ్ళకల్లా చెబుతూ. బంగారమ్మ ఆలోచనలో పడింది. కాసేపటికి పాపాయి పక్కకి చేరి, "అయితే ఆ పేరు రాయిస్తే ఇప్పుడేటీ అనరన్నమాట. మా లెచ్చుమికి కార్డు ఇంకా నాలుగేళ్ళుంది కదే..." అని ఆగింది. పాపాయి వినలేదు. చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేయకూడని పని చేసినదానిలాగా వడివడిగా నడుస్తోంది.

కూతురు పరుగెత్తి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మళ్ళీ ఓపాలి అను."

"ఏటనాల?"

"రెండూ. అయ్యదీ, నాదీ."

"సాల్లే, నోరు ముయ్యి. బస్సెల్లిపోతాది" అంది పాపాయి. పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.